దలా పడవలో విన్న పేరు

రంగూన్ నది అవతలి దలా రేవుకు వెళ్లే పడవలో ఒకాయన నా పక్కన కూర్చుని, అట్ట ఊడిన ఇంగ్లీషు నవలలో ఒకే పేజీని పదే పదే చదువుకుంటున్నాడు. రంగూన్‌లో సైన్యం కాలేజీ కుర్రాళ్లను ఇళ్లలోంచి పట్టుకుపోతున్న రోజులవి. అంత శ్రద్ధగా ఏం చదువుతున్నారని బర్మా భాషలో అడిగాను. ఆయన నా మొహం చూసి మనవాణ్నని పోల్చుకుని తెలుగులో చెప్పాడు.

"హత్య కత నాయినా. అమెరికాలో నవాహోలని ఓ జాతి. సంపినోణ్ని ఆళ్ల పోలీసే ఎతుకుతన్నాడు. కానీ సచ్చిపోయినోడి పేరు ఆళ్లు పలకరంట. పలికితే దెయ్యమై వస్తాడని బయం. మరింక ఆ పోలీసు ఏటని అడుగుతాడు?"

"మనకలాంటి పట్టింపు లేదు కదా బాబాయ్," అన్నాను.

"లేదు. అయినా మా ఇంటిది మా వోడి పేరెత్తడం మానేసింది. లారీ ఎక్కించుకుపోయారు ఆణ్ని. ఉన్నాడనీ సెప్పరు, పోయాడనీ సెప్పరు. ఈ పుస్తకం అది సదవలేదు. మరెందుకు మానేసినట్టు?"

ఇంతలో పడవ ఒడ్డుకు తగిలింది, జనం లేచారు. ఆయన నా చెయ్యి పట్టుకుని కొడుకు పేరు చెప్పాడు.

"ఇంట్లో నేనొక్కణ్నే పలుకుతన్నాను. నువ్వూ ఓపాలి అను నాయినా."

రేవులో తుపాకీ పట్టుకుని సిపాయి నిలబడి ఉన్నాడు. మెల్లగా అన్నాను. ఆయన తల ఊపి, పుస్తకం చంకలో పెట్టుకుని జనంలో కలిసిపోయాడు.

ఆ కుర్రాడు ఉన్నాడో లేడో నాకూ ఎవరూ చెప్పలేదు. ఆ రేవు దాటిన ప్రతిసారీ ఆ పేరు పలుకుతూనే ఉన్నాను.