నాయన వచ్చే చోట అరిగిన క్యాసెట్

తొంభై ఆరులో పుంగనూరులో మాది వీడియో క్యాసెట్ల అంగడి. మా ఆయన మదనపల్లె నుంచి క్యాసెట్లు తెచ్చేవాడు, అంగట్లో కూర్చునేది నేను. చదువు అంతంతే గానీ, ఏ డబ్బాలో ఏ బొమ్ముందో కళ్లు మూసుకుని తీసిచ్చేదాన్ని.

అందులో ఒకటి చిన్నపిల్లోళ్ల కార్టూన్ బొమ్మ. క్రిస్మస్ పండగ, ఊరంతా మంచు. ఒక ఎలుగ్గొడ్డు పిల్ల కిటికీ దగ్గర కూర్చుని వాళ్ల నాయన కోసం ఎదురుచూస్తా ఉంటుంది. మాటలన్నీ ఇంగ్లీషు. పిల్లోళ్లకు మాటలతో పనేముంది?

దాన్ని మళ్లీ మళ్లీ తీసుకుపోయింది షబానా. మా వెనక వీధి నూర్జహాన్ కూతురు, ఏడేళ్లది. పుట్టుకతోనే గుండె జబ్బు, బడికి పంపేవాళ్లు కాదు. వాళ్ల నాయన కువైట్‌లో డ్రైవరు. ఇంటికి టీవీ, క్యాసెట్లు ఆడించే వీసీపీ పంపించినాడు గానీ, పనిలో పెట్టుకున్న షేకు పాస్‌పోర్టు తీసిపెట్టుకున్నందున తాను రాలేకపోయినాడు.

ఒకసారి క్యాసెట్ వెనక్కి వచ్చినాక వేసి చూస్తే ఒకచోట గీతలు. పాజ్ అని ఒక మీట ఉంటుంది, బొమ్మను కదలకుండా నిలిపేది. నిలిపినంతసేపూ లోపల బొమ్మను చదివే హెడ్ తిరగతా రీలును ఆ ఒక్కచోటే రుద్దుతుంది. అట్లా అరిగిన ముక్కను కోసి, సెల్లోటేపుతో అతికించడం మా పని పద్ధతి. లేకుంటే హెడ్ పాడవుతుంది.

"యాలమ్మా ఊరికే ఆడ్నే నిలపతావు?" అని షబానాను అడిగినాను.

"ఆడ వాళ్ల నాయన వస్తాడు పెద్దమ్మా. నిలపకపోతే ఇంట్లోకి పోతాడు, బొమ్మ అయిపోతాది."

"అరిగింది కోసేయల్ల మరి."

"కోయొద్దు. మా నాయన వచ్చినాక చూపించల్ల."

కోయలేదు. "ఒక్క పిల్ల కోసం పెట్టినామా అంగడి?" అని మా ఆయన గొణిగినాడు. ఇంకెవరికీ బాడుగకియ్యకుండా దాన్ని ఆ పిల్లకే ఉంచినాను.

వానాకాలంలో షబానా పోయింది. నాయన మట్టికి కూడా అందలేదు.

మళ్లీ ఎండలు ముదిరినాక ఒక మనిషి అంగడి ముందర నిలబడినాడు. ముఖం చూడంగానే తెలిసిపోయింది. షబానావీ అవే కళ్లు.

"అమ్మా, మా పాప ఏదో బొమ్మ నాకు చూపించల్లంటా ఉండిందంట. ఉండాదా?"

ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి అంగట్లో టీవీకే పెట్టినాను. కిటికీ, మంచు, ఎలుగ్గొడ్డు పిల్ల బాగానే వచ్చినాయి. పిల్ల దిగ్గున లేచి తలుపు తీసింది. అంతే, తెరంతా గీతలు, తెల్ల చుక్కలు. షబానా చివరి నాళ్లలో ఎంత నిలిపి చూసిందో, అక్కడ బొమ్మే మిగల్లేదు.

"ఈడ ఏముండాదమ్మా?" అన్నాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఈడ వాళ్ల నాయన వస్తాడప్పా. భుజాన మూట ఉంటాది. టోపీ నిండా మంచు. పిల్లను చూడంగానే మూట కింద పడేసి, రెండు చేతులూ చాపతాడు."

ఆయన బల్లను తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇంకొకసారి చెప్పమ్మా."

చెప్పినాను. క్యాసెట్ ఆయనకే ఇచ్చేసినాను.

తర్వాత సీడీలొచ్చినాయి, అంగడి మూసినాము. అయితే ఆ ఎండాకాలం మొదలు, అంగడి ఉన్నన్నాళ్లూ, అరిగిన రీలు కోసేముందు క్యాసెట్ తెచ్చినోళ్లను ఒక మాట అడిగేదాన్ని, ఈడ ఎవరు నిలిపినారని.