సీతాబాయి ఏడవని చోటు

పెద్దవూర చుట్టుపక్కల తండాల్లో ఎవరైనా పోతే మొదటి కబురు చుట్టాలకు వెళ్తుంది, రెండోది సీతాబాయికి. ఆమె వచ్చేదాకా ఆ ఇంట్లో ఏడుపు ఉంటుంది గాని దానికి దారి ఉండదు. ఆమె వచ్చి, పక్కనున్న ఆడమనిషి మెడ చుట్టూ చేతులు వేసి, ఢావ్లో అందుకుంటుంది. ఢావ్లో అంటే లంబాడీల ఏడుపు పాట. అత్తవారింటికి వెళ్లే పిల్ల పాడుతుంది, చావింట్లో ఆడవాళ్లు పాడతారు. దానికి రాసిపెట్టిన మాటలు లేవు. పోయిన మనిషి బతుకులోంచే ఒక్కో మాటా తీసుకోవాలి. సీతాబాయి వాళ్ల మేకల పేర్లు కూడా వదలదు. నాట్లు వేసి, పత్తి ఏరి, మిరపకాయ కోసి బతికే యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె గొంతు ఎత్తితే రాళ్లవాగు అవతల పొలాల్లో పనిచేసేవాళ్లు కూడా నడుము ఎత్తి నిలబడతారు.

ఐదేళ్ల కిందట, కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో, ఆమె తన కూతురి మీదే పాడాల్సి వచ్చింది. జ్యోతి మునగాల దగ్గర హైవే ధాబాలో రొట్టెలు చేసేది. భర్త ప్రశాంత్ లారీ మీద తిరిగేవాడు. జ్వరం వచ్చి సూర్యాపేట దవాఖానలో చేరిన పదకొండో రోజు జ్యోతి పోయింది. మనిషి ఇంటికి రాలేదు, కబురు ఒక్కటే వచ్చింది. శవం లేని ఇంట్లో ఆడవాళ్లంతా జ్యోతి చీరను ఒళ్లో పెట్టుకుని ఏడ్చారు.

జ్యోతి కూతురు సోనీకి అప్పుడు ఐదేళ్లు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. కంట్లో తడి లేదు. ఎవరో దగ్గరికి తీసుకోబోతే విదిలించుకుంది. పాడుతూ పాడుతూ సీతాబాయి ఆ పిల్ల వైపు తిరిగింది. తల్లి పోతే చుక్క నీళ్లు రాని పిల్ల, నా ఇంట్లో పుట్టింది పిల్ల కాదు రాయి అని పాటలోనే అనేసింది.

వట్టి మాటైతే గాలికి పోయేది. పాటలో పడింది కనుక తండా మొత్తానికీ గుర్తుండిపోయింది. బడిలో పిల్లలు రాయి సోనీ అన్నారు. చెరువు దగ్గర ఆడవాళ్లు కూడా నవ్వుతూ అలాగే పిలిచారు. ప్రశాంత్ లారీ మీదే ఉండేవాడు. సోనీ అమ్మమ్మ దగ్గరే పెరిగింది, నీళ్లు తెచ్చింది, గిన్నెలు తోమింది. అన్నం, చెప్పులు, బస్సు ఛార్జీ, ఇద్దరి మధ్యా అంతవరకే మాట. రాయి అన్న మాటను వెనక్కి తీసుకోవాలని సీతాబాయికి ఉండేది. ఎలా తీసుకోవాలో తెలియలేదు. ఏడవడం తెలిసినంతగా ఆమెకు మాట్లాడటం రాదు.

ఈ ఏడాది చలికాలం చివర బాలాజీ తండాకు వచ్చాడు. మిర్యాలగూడలో ఎరువుల దుకాణం మీది గదిలో అతనికి చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. లంబాడీ పెళ్లి పాటలు రికార్డు చేసి ఫోన్లలోకి పంపుతుంటాడు. ఇప్పుడు ఒక పిల్లల సంస్థ అతనికి కొత్త పని అప్పగించింది. ఎక్కడో చలిదేశంలో పూర్వం రాసిన పిల్లల నవలను జపాన్ వాళ్లు బొమ్మల సీరియల్‌గా తీశారు. అందులో పన్నెండు భాగాలకు అనుమతి తెచ్చుకుని, తండాల పిల్లల కోసం లంబాడీల భాష గోర్ బోలీలో మాటలు పెట్టిస్తున్నారు. కథ ఒక పడవవాడి కూతురిది. తల్లి లేదు. తండ్రి ఏటికి అడ్డంగా జనాన్ని దాటిస్తుంటాడు. పక్కింట్లో వలలు అల్లే ముసలామె ఉంటుంది.

పిల్ల గొంతు కోసం బాలాజీ బడిలో అందరిచేతా చదివించి సోనీని ఎంచుకున్నాడు. తోడుగా వచ్చిన సీతాబాయిని స్టూడియోలో స్టూలు మీద కూర్చోబెట్టి, తమ బోలీలో అమ్మా అన్నట్టు యాడీ అని పిలిచాడు.

"యాడీ, ముసలామె గొంతు ఎక్కడ దొరుకుతలేదు. నువ్వే చెప్పు."

"నాకు సదువు రాదు గదరా."

"సదువుడెందుకు? నేను చెవుల జెప్త, నువ్వు మైకుల అను."

"గట్ల జెప్పి నన్ను ముసలిదాన్ని జేస్తవన్నట్టు."

"నేను కొత్తగ జేసేదేమున్నది యాడీ?"

ఆదివారం ఆదివారం ఇద్దరూ హాలియా మీదుగా బస్సులో మిర్యాలగూడ వెళ్లేవారు. సీతాబాయికి ఆ బొమ్మలు మొదట వింతగా తోచాయి. రొట్టె మీద ఆవిరి కూడా గీశారు. గడ్డిలో గాలి నడిచిపోవడం కూడా గీశారు. ఒక్కోసారి నిమిషం పాటు ఏమీ జరగదు, మబ్బు నీడ ఒకటి ఏటిని దాటుతుంది, అంతే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక ఆమెకు ఇంకొకటి వినపడింది. బొమ్మల్లోని పిల్ల ముసలామెను పిలిచేది, సతాయించేది, చేపల కూర ఇంకా కాలేదా అని గునిసేది. ఆ గొంతు సోనీది. ఇంట్లో ఐదేళ్లుగా లేని గొంతు, అద్దం అవతల నిలబడి, తీగ గుండా వచ్చి చెవిలో పడేది. తన వంతు మాట చెప్పడం మరిచి సీతాబాయి వింటూ ఉండిపోయేది.

"యాడీ, నీ డైలాగ్."

"ఆఁ, జర ఆగు. ఇంగోపారి ఇనిపియ్యి."

ఏడో భాగంలో తండ్రి పోతాడు. వానకు ఏరు పొంగి పడవ ఒక్కటే ఒడ్డుకు వస్తుంది. ఊరివాళ్లు వచ్చి పిల్లకు చెబుతారు. ఆ పిల్ల ఏమీ అనదు. ఒడ్డుకు వెళ్లి, డబ్బాతో పడవలోని వాననీళ్లు తోడుతుంది. నలభై రెండు సెకన్లు. సంగీతం కూడా లేదు, నీళ్లు పడే చప్పుడే. ఆ తర్వాత ముసలామె వచ్చి ఒక్క మాట అంటుంది, నీళ్లన్నీ తోడినంక ఇంట్లకు రా, సలి పెడుతుంది అని.

సీతాబాయి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేందిరా? గింతగింత పెద్ద కండ్లు గీసిన్రు, ఒక్క సుక్క నీళ్లు గియ్యలే. తండ్రి సస్తే పడవ కడుగుతదా?"

"కథ గట్లనే ఉన్నది యాడీ."

"మన మాటల జెప్పినప్పుడు మన తీరుగ ఉండాలె. సావు మీద పాట లేకుంటే ఆ మనిషికి ఇజ్జతేముంటది? గాడ నేను ఢావ్లో పాడుత."

బాలాజీ కళ్లు మెరిశాయి. సంస్థలో ఈ పని చూసే అరుణకు ఫోన్ చేశాడు. ఆమెది కోదాడ. "ఆ నిశ్శబ్దం కావాలనే పెట్టారండీ వాళ్లు" అంది. "కానీ భాష మీది కదా. మీకు ఏది సరి అనిపిస్తే అలా చెయ్యండి."

మైకు సరిచేశారు. తెర మీద పిల్ల పడవలోకి దిగింది. సీతాబాయి కళ్లు మూసుకుని గొంతు ఎత్తింది. నీళ్లు దాటించినోడా, నిన్ను దాటించేటోడు లేకపాయె అని అందుకుంది. గది గోడలకు అతికించిన స్పాంజి కూడా ఆ గొంతును పూర్తిగా మింగలేకపోయింది. రెండో చరణానికి ఊపిరి తీసుకుంటుండగా తలుపు తెరుచుకుంది. సోనీ లోపలికి వచ్చి నిలబడింది.

"నానీ, గాడ ఏడ్వకు."

తెర మీద బొమ్మ ఆగింది. ఆ పిల్ల అమ్మమ్మను వద్దనడం ఇదే మొదటిసారి.

"ఎందుకే?"

"ఆ పిల్ల ఇంటున్నది."

"ఏమింటున్నది?"

"వాళ్ల నాయిన పిలుస్తడేమోనని. నువ్వు లొల్లి జేస్తే ఎట్ల ఇనపడ్తది?"

సీతాబాయికి వెంటనే అర్థం కాలేదు. బాలాజీ నవ్వబోయి ఆగిపోయాడు. సోనీ తలుపు గడియ వైపు చూస్తూ, చదివిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"అమ్మ దినాం పొద్దుమీకి దవాఖాన కెల్లి ఫోన్ జేస్తుండె. ఆ దినం గూడ చేస్తనన్నది. ఫోన్ గుమ్మం కాడ ఛార్జింగ్ పెట్టి ఉండె. మీరందరు గంత గట్టిగ ఏడ్వబడ్తిరి. నేను గూడ ఏడిస్తే, మోగుతే ఎవ్వలు ఇంటరు?"

అద్దం అవతల బాలాజీ రికార్డింగ్ ఆపేశాడు. కింద దుకాణంలో ఎవరో యూరియా బస్తాలు దించుతున్నారు. ఒక్కొక్క బస్తా నేలను తాకిన చప్పుడు మెట్ల మీదుగా పైకి వస్తోంది.

"ఎన్ని దినాలు ఇన్నవ్ బిడ్డా?" అని అడిగింది సీతాబాయి.

"బళ్లు తెరిసేదాక."

"నాకు తెల్వదే. తెల్వక తిట్టిన."

"తిట్టినవ్ గద. తండ మొత్తం ఇన్నది" అంది సోనీ. కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు అంది.

ఆ రోజు సీతాబాయి మళ్లీ పాడలేదు. పాడిన చరణాన్ని తీసేయమంది. నలభై రెండు సెకన్లూ అలాగే వదిలేసి, ఆ చివర తన ఒక్క మాట చెప్పింది. మూడుసార్లు ఆ మాటకు ఏడుపు రాగం వచ్చింది. నాలుగోసారి మామూలుగా, పొలం నుంచి పిల్లను ఇంటికి పిలిచినట్టు వచ్చింది.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తండా బడిలో, గోడకున్న పెద్ద టీవీలో ఆ భాగాలు వేశారు. ముందు వరసల్లో పిల్లలు, వెనక ఆడవాళ్లు. పెట్టెలోంచి తమ మాట వినపడేసరికి ముసలివాళ్లు ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. ఏడో భాగంలో పిల్ల పడవలోకి దిగగానే నవ్వులు ఆగాయి. కాసేపటికి వెనక నుంచి సాలి గొంతు వినపడింది. సీతాబాయికి వదిన వరస. ప్రతి చావింట్లోనూ ఆమె పక్కన కూర్చుని వంత పాడే మనిషి.

"ఏందే సీతా, నీ గొంతేడ బోయింది? తండ్రి సస్తే గీ పిల్ల గిన్నెలు తోమినట్టు పడవ తోముతున్నది. ఇది గూడ మన సోనీ లెక్కనే, రాయి."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ముందు వరసలో సోనీ మెడ వంచుకోలేదు, వెనక్కి తిరగనూ లేదు.

సీతాబాయి లేచి నిలబడింది. వెనకవాళ్లకు టీవీ కనపడటం లేదని గొణిగారు. ఆమె కూర్చోలేదు.

"రాయి గాదు. ఆ మాట నేనన్న, నేనే తప్పన్న. మీరు గూడ ఇయ్యాల్టి కెల్లి అనొద్దు. జ్యోతి పోయిన దినం నా మనుమరాలు ఫోన్ కాడ గూసున్నది. తల్లి పిలుస్తదని ఇన్నది. మన నోర్లే ఆగలే. ఐదు నెలలు ఇన్నది ఒక్కతే."

అంతకంటే చెప్పడానికి ఆమెకు మాటలు దొరకలేదు. పాటైతే ఇంకా చాలా దొరికేవి. తెర మీద డబ్బా ముంచిన చప్పుడు, నీళ్లు ఒలికిన చప్పుడు. సాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆట అయ్యాక ఇద్దరూ మిరప చేను గట్టు మీదుగా ఇంటికి నడిచారు. ఎండలో ఆరబోసిన కాయల ఘాటు గాలిలో ఉంది. సోనీ ముందు నడుస్తోంది. సగం దారిలో నడక తగ్గించి, సీతాబాయి పక్కకు వచ్చేదాకా ఆగింది.

"నానీ, ఆ దినం అమ్మ మీద ఏమేం పాడినవ్? నేను ఇనలే."

సీతాబాయి తుమ్ము ఆపుకుంటున్నట్టు ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత పాడకుండా, ఉత్త మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. జ్యోతి పుట్టిన రోజు వడగళ్లు పడ్డాయని, నాలుగేళ్లప్పుడు మేకపిల్లను మంచంలో దాచిందని, మొదటి రొట్టె మాడ్చి కుక్కకు వేస్తే అదీ తినలేదని.

"నిజంగ తినలేదా?" అంది సోనీ.

"వాసన జూసి పోయింది."

"ఆఁ, ఇంక?"