నీళ్ళ మీద దిగిన విమానం

గల్ఫ్‌లో, అల్ మన్సూరా నుంచి ముషైరిబ్ వెళ్ళే సిటీ బస్సులో నేను ఫోన్‌లో ఒక వీడియో చూస్తున్నాను, శబ్దం లేకుండా. అలాస్కా ఓడ ప్రయాణంలో నా భార్య తీసింది. మధ్యలో ఓడ దిగి మేమెక్కిన, నీళ్ళ మీద దిగే చిన్న విమానం, కింద మంచుకొండలు, భయంతో కళ్ళు మూసుకున్న నేను. ఇంజన్ హోరులో ఆవిడ ఏదో అంది. నాకు వినబడలేదు గానీ ఫోన్‌లో పడింది. ఆవిడ పోయి ఏడాదైనా ఆ మాట వినే ధైర్యం నాకు రాలేదు.

పక్క సీటులో కంపెనీ యూనిఫాం వేసుకున్నాయన అడిగాడు.

"సౌండ్ పెట్టరా సార్?"

"మా ఆవిడ తీసింది. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ గొంతు వినలేకపోతున్నాను."

ఆయన ఫోన్ వైపు చూశాడు.

"నేను విని చెప్పాల్నా?"

ఇయర్‌ఫోన్ ఇచ్చాను. చెవిలో పెట్టుకుని తల వంచాడు.

"మస్తు హోరున్నది... ఆఁ. కండ్లు తెరువుమంటున్నది సార్. ఇంత దూరమొచ్చి చీకటి చూసుడేందంటున్నది."

ఇయర్‌ఫోన్ తీసి, చొక్కాకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇంకా నవ్వుతనే ఉన్నది. ఇగ మీరు వినుర్రి."

తర్వాత చాలాసార్లు విన్నాను. ఆవిడది తెనాలి యాస. అయినా ఆ మాట నాకు ముందు ఆయన గొంతులోనే వినిపిస్తుంది.