తగ్గింపు కోసం మా వీధంతా విద్యార్థులైన సంగతి

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం సరిగ్గా రాదు. ఐదో తరగతి పాసై ఆరులో చేరి, నెల తిరక్కుండానే మానేశాను. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని టీచరమ్మ మెచ్చుకునేది గానీ, ఒత్తు ఎక్కడ పెట్టాలో దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ అనుమానమే. ఇది నలుగురు చదువుతారంటే సిగ్గుగా ఉంది. కానీ ఈ సంగతిని మా వీధిలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు, ఎవరు చెప్పినా తప్పు మాత్రం నాదే అవుతోంది. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. పదాలు తప్పు పోతే మన్నించండి.

మాది తోటపల్లి గూడూరు నుంచి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. మా వీధిలో సగం మంది చర్చికి పోయేవాళ్ళం, సగం మంది సముద్రం మీద వేటకు పోయేవాళ్ళు. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి ఫోను ఆయనతో పాటు గట్టు మీదే ఉంటుంది. నాది బటన్ల ఫోను. నేను రొయ్యల షెడ్డులో తలలు తీసి పొట్టు వలిచే పని చేస్తాను. అక్కడ నాకు పేరు లేదు, టోకెను నంబరే.

పేరున్నది ఒక్క చోట. పదహారేళ్ళుగా నాకు పోస్టులో బైబిలు వాక్యపాఠాలు వస్తున్నాయి. నెలకు ఒక కవరు, అందులో ఒక పాఠం, చివర పది ప్రశ్నలు. జవాబులు రాసి పంపితే ఎర్ర సిరాతో దిద్ది, మార్కులు వేసి, మరుసటి పాఠంతో కలిపి పంపిస్తారు. పన్నెండు పాఠాలు అయితే ఒక సర్టిఫికెట్టు. పాఠం పైన నా పేరు రాసి, కింద "ప్రియమైన విద్యార్థినీ" అని ఉంటుంది. షెడ్డు నుంచి వచ్చి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని రాయడానికి కూర్చుంటాను. ఎంత రుద్దినా రొయ్యల వాసన పోదు. దిద్దే పెద్దాయన ఒకసారి కాగితం అంచున "అమ్మా, మీ జవాబులు వచ్చిన రోజు కవరు తెరవకముందే మాకు తెలిసిపోతుంది" అని రాశారు. మెచ్చుకున్నారో తిట్టారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొన్న ఎండాకాలంలో కవరులో పాఠంతో పాటు ఇంకో కాగితం వచ్చింది. అచ్చు ఖర్చులు పెరిగినందువల్ల మూడు నెలల తర్వాత పాఠాలు ఇంటర్నెట్టులో మాత్రమే ఉంటాయి, ట్యాబు గానీ పెద్ద తెర ఫోను గానీ ఉన్నవారు కొనసాగవచ్చు అని ఉంది. లేనివాళ్ళు ఏం చేయాలో రాయలేదు. ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను, వెనక్కి తిప్పి కూడా చూశాను. ట్యాబు కొనకపోతే నా చదువు ఆగిపోతుంది. సంగతి అంతే.

మా పక్కింటి అక్కకు చెప్పాను. అక్క వాళ్ళాయన వేటకు పోతాడు, అక్క చేపలు అమ్ముతుంది. ఆమెకు తెలియని అంగడి నెల్లూరులో లేదు.

"టౌన్లో పెద్ద షోరూముకు బోర్డు కట్టినారు మే. చదువుకునేవాళ్ళకి, ఉద్యోగాలు చేసేవాళ్ళకి తగ్గించి ఇస్తారంట. నువ్వు రెండూ గదా. పోదాం పా" అంది.

నాకూ నిజమే అనిపించింది. నా సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, షెడ్డు టోకెను కూడా పట్టుకుని ఇద్దరం బయలుదేరాం.

షోరూములో చలికి నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. టై కట్టుకున్న ఒక పిల్లవాడు వచ్చి, "స్టూడెంటా అమ్మా, ఎంప్లాయీనా?" అని అడిగాడు.

"రెండూ" అన్నాను.

"మీ పిలకాయలకి గదా?"

"నాకే నాయనా."

సర్టిఫికెట్లు బల్లమీద పరిచాను. అతను ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఇదేం కాలేజీ అమ్మా?" అన్నాడు.

"పోస్టులో వస్తది."

"పదహారేళ్ళుగా చదవతా ఉండాది మా చెల్లి" అని అక్క గర్వంగా చెప్పింది. "ఇంకా పాసు కాలేదు."

"పాసవతానే ఉండాను అక్కా. అయిపోలేదు, అంతే."

మా ముందు నిలబడిన కుర్రాడికి ఇంజనీరింగు కాలేజీ కార్డు ఉంది. ఆ కార్డు మీద వాళ్ళ నాన్న తన లాడ్జికి మూడు ఏసీలు తీసుకున్నాడు, మూడింటికీ విద్యార్థి తగ్గింపు ఇచ్చారు. "ఒక్కో సబ్జెక్టు ఒక్కో గదిలో చదవతాడేమో మే" అని అక్క నా చెవిలో అంది. ఆ తర్వాత మెడలో బ్యాడ్జీ వేసుకున్న ఒకాయన వచ్చాడు. మంచి జీతమే కనిపిస్తోంది, ఆయనకూ తగ్గించారు. తగ్గించాల్సిన అవసరం లేనివాళ్ళ కోసమే ఆ బోర్డు కట్టారని మాకు అప్పుడు తట్టలేదు.

చివరికి మేనేజరు వచ్చాడు. మంచివాడే. "అమ్మా, సర్టిఫికెట్లు పాత చదువువి. ఇప్పుడు చదువుతున్నట్టు గుండ్రటి సీలుతో స్టడీ సర్టిఫికెట్ తీసుకురండి. లేదంటే మీ కంపెనీ ఐడీ కార్డు తెండి. ఈ టోకెను మీద నంబరే ఉంది, పేరు లేదు" అన్నాడు.

కంపెనీ దగ్గర గదా అని ముందు షెడ్డులోనే అడిగాను. సూపర్‌వైజరు మా బల్ల పక్కగా పోతుంటే, "సార్, నేను ఈడ పనిచేస్తా ఉండానని ఒక కాగితం రాసిస్తారా?" అన్నాను.

"నువ్వు ఈడ పనిచేస్తా ఉండావని ఎవరు చెప్పినారు?" అన్నాడు.

నా చేతిలో అప్పుడు తల తీసిన రొయ్య ఉంది. నేను దాన్ని చూశాను, ఆయన కూడా చూశాడు.

"నువ్వు కంట్రాక్టరు మనిషివి. ఉద్యోగి అని రాసిస్తే రేపు పీఎఫ్ అంటావు, ఎల్లుండి బోనసంటావు. నీకు వచ్చేది ట్యాబు, నాకు పొయ్యేది ఉద్యోగం."

"అయితే కంట్రాక్టరుని అడిగేదా?"

"అడుగు. నిన్ను ఎప్పుడూ చూళ్ళేదంటాడు."

పన్నెండేళ్ళుగా ఆ షెడ్డులో రొయ్యల తలలు వాటంతట అవే ఊడిపోతున్నాయన్నమాట.

ఇక మిగిలింది చదువే. పాఠాల ఆఫీసుకు ఉత్తరం రాశాను. రెండు వారాల్లో కాగితం వచ్చింది. ఫలానా ఆమె మా విద్యార్థిని అని ధ్రువీకరిస్తున్నాం అని రాసి, కింద ఊదారంగు గుండ్రటి సీలు వేశారు. అక్క దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "నోటు మాదిరి ఉండాది" అంది.

మళ్ళీ షోరూముకు పోయాం. ఆ రోజు నెలాఖరు. మేనేజరుకు అమ్మకాలు తక్కువ పడ్డాయేమో, సీలు చూడగానే ముఖం వెలిగింది. "సీలుంది, రోల్ నంబరుంది. చాలమ్మా!" అన్నాడు. నేను అప్పుడే డబ్బుల కోసం కొంగుముడి విప్పబోయాను.

"అయితే ఆఫర్లో ట్యాబులు అయిపోయినాయి. మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలీదు. టీవీలున్నాయి, ఫ్రిజ్జులున్నాయి, వాషింగ్ మిషన్లున్నాయి."

"చదువుకునేదానికి ఫ్రిజ్జు ఎందుకు సార్?"

"చల్లటి నీళ్ళు తాగి చదువుకోవచ్చు గదమ్మా."

నేను దిగాలుగా బయటికొచ్చాను. అక్క మాత్రం నా మోచెయ్యి గిల్లింది. "ఆ కాగితం నాకూ ఇస్తారా మే వాళ్ళు?"

"పాఠాల్లో చేరితే ఇస్తారు."

"మా దేవుడు వేరే గదా."

"చేరేదానికి అదేం అడగరక్కా."

"అయితే చేర్పించు. టీవీ కొంటే దాంట్లో అందరు దేవుళ్ళూ వస్తారులే."

అక్క నోట్లో పడిన మాట వీధిలో పడటానికి ఎంతసేపు? వారం తిరిగేలోపు ముప్పై నాలుగు మంది పాఠాల్లో చేరారు. ఒకరికి టీవీ, ఒకరికి కూలరు, ఒకరికి మిక్సీ. ఆదివారం చర్చిలో అయ్యగారు ప్రార్థన మధ్యలో ఆగి, "మన వీధిలో వాక్యం కోసం ఇంత ఆకలి పుట్టిందే!" అని కళ్ళు తుడుచుకున్నారు. నేను రెండో వరసలో కూర్చుని చాప అల్లిక లెక్కపెట్టుకున్నాను.

మొదటి పాఠానికి జవాబులు పంపితేనే స్టడీ సర్టిఫికెట్టు ఇస్తారు. కాబట్టి పోస్టులో పాఠాలు రాగానే అందరూ కాగితాలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చారు.

"నువ్వు రాసిందే నాకూ రాసెయ్ మే."

"కనీసం ప్రశ్న ఏందో వినండి."

"వాషింగ్ మిషనుకు ప్రశ్నలెందుకు?"

ఒక్కడే, వేట మానేసిన ముసలాయన, ప్రశ్న చదవమన్నాడు. ఏడో ప్రశ్న చదివాను. పొరుగువానిని ఎందుకు ప్రేమించాలి?

"వాడు నా వల తీసుకుని మూడేళ్ళయింది. ముందు అది ఇమ్మను, తర్వాత చూద్దాం."

"అట్నే రాసేదా తాతా?"

"వద్దులే. కూలరు పోతాది. నీది రాయి."

అలా ముప్పై నాలుగు మంది కాగితాల్లోనూ నా జవాబులే పడ్డాయి. రాయడం వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని చూసి దింపుకున్నారు.

ఆఫీసు నుంచి పెద్ద కట్ట వచ్చింది, పైన ఒక ఉత్తరం. అది అందరికీ చదివి వినిపించాను. "మీ వీధిలో అందరూ తొమ్మిది ప్రశ్నలకు సరైన జవాబులు రాశారు. అందరూ ఏడో ప్రశ్నకు ఒకే తప్పు రాశారు. ఇంతటి ఏకమనస్సు మేము ఏ ఊరిలోనూ చూడలేదు." ఆ కింద ఉన్నది మాత్రం గట్టిగా చదవలేదు, నాలో నేనే రెండుసార్లు చదువుకున్నాను. ఇంత ఆసక్తి చూసి మీ వీధికి మాత్రం పాఠాలు కాగితం మీదే పంపాలని నిర్ణయించాం, నెలకు ఇరవై మందికి తగ్గకుండా జవాబులు రావాలి, ఏ నెల తగ్గినా ఆపేస్తాం అని ఉంది.

నాకు ఇక ట్యాబు అక్కర్లేదు! ఆ సంతోషంలో ఎవరు ఏం చేస్తున్నారో గమనించలేదు. వాళ్ళు కట్టలోంచి స్టడీ సర్టిఫికెట్లు ఏరుకుని, పాఠాలు మా అరుగు మీదే వదిలేసి, పొద్దున్నే రెండు ఆటోల్లో ఇరుక్కుని నెల్లూరు పోయారు. నన్నూ ఎక్కించుకున్నారు, మాట్లాడి పెట్టడానికి.

షోరూము ముందు బోర్డు మారిపోయింది. "కొత్తగా పెళ్ళయిన జంటలకు ప్రత్యేక తగ్గింపు" అని ఉంది.

"స్టూడెంట్ ఆఫర్ మొన్నటితో అయిపోయింది" అన్నాడు టై పిల్లవాడు.

"మా చదువు నిన్ననే గదా వచ్చింది!" అని అక్క కేకలేసింది.

ముసలాయన బోర్డును నిదానంగా చదివించుకుని, భార్య వైపు తిరిగి, "ఏమ్మే, ఇంకో తడవ చేసుకుందామా?" అన్నాడు.

"కూలరు కోసం నిన్ను రెండోసారి చేసుకోవాల్నా? విసనకర్ర చాలు" అంది ఆమె.

తిరుగు ఆటోలో ఎవరూ నాతో మాట్లాడలేదు. వీధి మొదట్లో దిగాక అక్కే మొదలుపెట్టింది. "నీ మాట నమ్మి చదువుకున్నాం గదమే!"

కొందరు నిజంగానే మోసపోయిన ముఖాలు పెట్టారు. చదువుకుని దెబ్బతిన్నవాళ్ళ సంఘం ఒకటి పెట్టి ఉంటే, ఆ రోజు మా వీధిలో అందరూ చేరేవాళ్ళు.

నాకు గుబులు పట్టుకుంది. రెండో పాఠం జవాబులు నెలాఖరులోపు పోస్టులో పడాలి, ఇరవై మందివి. ఇల్లిల్లూ తిరిగాను.

"టీవీ రాలా. ఇంక చదువెందుకు?"

"నా పేరు కొట్టేయించు మే. రేపు ఇంకేమన్నా కట్టమంటారేమో."

అయ్యగారు చెప్పడంతో చర్చివాళ్ళు పదిహేనుమంది దారికొచ్చారు. ముసలాయన, ఆయన భార్య ఒప్పుకున్నారు. ఇంకొకామెకు ఎర్ర సిరాతో మార్కులు వేయించుకోవడం నచ్చిందట. నాతో కలిపి పంతొమ్మిది. ఇంకొకరు కావాలి. ఆ ఇరవయ్యో కాగితం ఎవరిదో ఒకరి పేరుతో నేనే రాసేద్దామనుకున్నాను. చేసేది దొంగపని గదా, చేతిరాత మారాలని ఎడమచేత్తో మొదలుపెట్టి, నాలుగు ముక్కలు రాశాను కూడా. పాఠమేమో నిజాయితీ గురించి. రాయలేక చించేశాను.

ఆఖరి రోజు అక్క దగ్గరికి పోయాను. పన్నెండు రోజులుగా మాకు మాటల్లేవు. వాకిట్లో పీట వేసుకుని చేపల పొలుసు గీస్తోంది. తలెత్తలేదు.

"అక్కా, నువ్వు ఒక్కదానివి ఒప్పుకుంటే ఇరవై అవతారు. లేకపోతే నాకు పాఠాలు ఆగిపోతాయి."

అక్క ఇంకో చేపను చేతిలోకి తీసుకుంది. తర్వాత, "నాకు పదికి తొమ్మిది వేసినారు గదా. ఆ ఒకటి ఎందుకు పోయింది?" అంది.

"ఏడో ప్రశ్న నేనే తప్పు రాసినాను."

"నా పేరు మీద తప్పు రాసేదానికి నువ్వెవరు మే? ఈ తడవ నేను చెప్తా, చెప్పింది చెప్పినట్టు రాయి. నీ తెలివి కలపబాకు."

అక్కడే కూర్చుని చదివాను. అక్క కొన్నిటికి సరిగ్గా చెప్పింది, కొన్నిటికి నాతో కొట్లాడింది. పదో ప్రశ్న, మనల్ని నష్టపెట్టిన వారితో ఎలా నడుచుకోవాలి?

అక్క కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ముందు బాగా తిట్టాల. పన్నెండు దినాలు మాట్లాడకూడదు. ఆ పైన వాళ్ళకి పని పడితే చెయ్యాల. రాసినావా?"

"రాసినాను అక్కా."

"తిట్టాల అనేది రాసినావా?"

"రాసినాను."

"అయితే పో. పోస్టు మూసేస్తారు."

ఇరవై కాగితాలు మడిచి పెద్ద కవరులో పెట్టి, పరిగెత్తి పోస్టులో వేశాను. దాని మీద చేపల వాసన, రొయ్యల వాసన రెండూ ఉండి ఉంటాయి. ఈ నెలకు గండం గడిచింది. వచ్చే నెల మళ్ళీ ఇల్లిల్లూ తిరగాలి.

ఇంత పొడుగు రాయడం నాకు ఇదే మొదటిసారి. ఎక్కడ ఆపాలో కూడా తెలియలేదు. ఒత్తులు, దీర్ఘాలు, మాటలు ఎక్కడెక్కడ తప్పాయో చదివినవాళ్ళకే తెలియాలి. చిన్నచూపు చూడకుండా, మీ ఇంటి మనిషి రాసిందనుకుని క్షమించండి.