నాయన బానెట్ మీద గీసిన గీతలు

హిందూపురంలో నాది కార్లకు పూత వేసే షాపు. కంటికి కనబడని ప్లాస్టిక్ లాంటి పొర అది. పైపైన గీత పడితే, ఎండకు బానెట్ వేడెక్కగానే ఆ పొర మెత్తబడి గీతను తనంతట తానే పూడ్చుకుంటుంది. గీత కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. స్టీలు గ్లాసు మీద గీత పడినా ఊరుకోనని నా భార్య ఎగతాళి చేసేది. నా నల్ల కారుకు అన్నిటికన్నా మంచి రకం పూత వేసుకున్నాను.

నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. పక్షవాతంతో మాటా, కుడిచెయ్యీ పడిపోయాయి. ఒకరోజు పొద్దున్నే నేనూ నా భార్యా ఆయన్ను హిందూపురం ఆసుపత్రికి తీసుకొస్తూ పెనుకొండలో ఆగాం. గాలి తగులుతుందని ఆయన్ను దించి బానెట్‌కు ఆనించి, నేను మజ్జిగకు పోయాను. తిరిగొచ్చేసరికి ఎడమచేతిలో ఉన్న ఇంటి తాళంచెవితో బానెట్ మీద గీస్తున్నాడు.

"ఏం పని నాయనా ఇది? బండి గీకుతాండావే" అని చెయ్యి లాగేశాను. ఆయన ఏదో అనబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అరిచినందుకు నాకే సిగ్గేసి, "పోనీలే, ఎండకు అదే పోతాది" అన్నాను. గీతలు ఎంత లోతుగా పడ్డాయో చూశాను గానీ, అవి ఏమిటో చూడలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో నా భార్య అడిగింది. "మామ ఏం రాసినాడు?"

"యాడ?"

"బండి మీద. నేను లోపల టవలు తీస్తాంటి, అద్దంలోంచి తలకిందులుగా నాలుగు అచ్చరాలు కనపడె. నువ్వు చదివినావేమో అనుకుంటి."

కిందికి పరుగెత్తాను. కారు ఎండలో ఉంది. బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. వంగి చూశాను, పక్కనుంచి చూశాను. నున్నగా మెరుస్తోంది. నా చేతిపని మీద నాకే అసహ్యం వేసింది.

పైకొచ్చి నాయన ఎడమచేతిలో పెన్ను పెట్టి, "మళ్లీ రాయి నాయనా" అని బతిమాలాను. చాలాసేపు నన్నే చూశాడు. పెన్ను జారిపోయింది. మళ్లీ పెట్టబోతే పిడికిలి మూసుకున్నాడు. కోపమొచ్చిందో, చేతకాలేదో తెలియదు.

మూడోరోజు పోయాడు. నన్ను ఏమడగాలనుకున్నాడో, ఉత్త నీళ్లే అడిగాడో ఈరోజుకీ నాకు తెలియదు. చెయ్యి లాగింది మాత్రం నేనే.