మలయ్ పత్రికల్లో మెత్తని తిట్లు

ఐటీ జోరు మీదున్న రోజులవి. సింగపూర్‌లో, బూన్ లే అనే పేటలోని ఫ్లాట్‌లో ఉండే మా ముగ్గురమ్మాయిల్లో కంప్యూటర్ జోలికి పోనిది నేనొక్కదాన్నే. మలయ్ పత్రికల్లో వ్యాసాలు రాసేవాళ్లు దేన్నైనా ఎలా మెచ్చుకుంటారు, ఎలా తప్పుపడతారు, ఇదీ నా పరిశోధన. "తెనాలి నుంచి వచ్చి మలయ్ పేపర్లేంటే నీకు? జావా నేర్చుకో, ఉద్యోగం రెడీ" అని రూమ్మేట్ రోజూ నా ప్రాణం తోడేసేది. నేను వింటేగా!

అయినా నా కష్టం చూడలేక, పొగడ్త మాటల్నీ తెగడ్త మాటల్నీ వేరుచేసే ప్రోగ్రామ్ ఒకటి తనే రాసిచ్చింది. వ్యాసాలన్నీ దాదాపు పొగడ్తలేనని అది తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది. అందులో ఒకాయన, లిఫ్టు తమ అంతస్తులో ఆగదని రాశాడు. ముందు అధికారుల శ్రమకు దండాలు పెట్టాడు. ముసలివాళ్లకు మెట్ల బాధ తప్పితే ఎంత బావుండేదో అని ముగించాడు. అది పొగడ్తా? మా పిన్ని "నీకేంటమ్మా, తీరిగ్గా లేస్తావు" అంటే మురిసిపోతామా? ఆ ప్రోగ్రామ్ ఇచ్చిన పట్టికలు అవతల పడేసి, అన్నీ నేనే చదివి థీసిస్‌లో ఆ అధ్యాయం రాశాను.

మా ప్రొఫెసర్ మలయ్ ఆయన. "ఈ మెత్తని తిట్టు మా భాషలో పుట్టి పెరిగిన చెవికే అందుతుంది. మీరు ఊహించుకుంటున్నారేమో" అనేవారు. సెమినార్‌లో ఆయన ఒప్పుకోకపోతే నా చదువు అక్కడితో సరి.

ఆ రోజు అంతా విని ఆయన నవ్వారు. అమ్మాయి పట్టుదల ముచ్చటగా ఉందన్నారు. మన పత్రికల్ని ఇంత ప్రేమగా చదివేవాళ్లు అరుదన్నారు. ఇంకాస్త వ్యవధి దొరికుంటే మరింత నిండుగా వచ్చేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వినడానికొచ్చిన రూమ్మేట్ బయట నన్ను వాటేసుకుని "గట్టెక్కావే" అంది.

"లేదే, నా అధ్యాయాన్ని కొట్టిపారేశారు" అన్నాను. ఏడుపొచ్చింది, కానీ ఏడుస్తూ కూర్చుంటే పనవుతుందా? తిన్నగా ఆయన గదికే వెళ్లాను.

"సార్, మీరు ఒప్పుకోలేదు కదూ?"

ఆయన పెన్ను కింద పెట్టారు. "అలా అని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. మీరు నన్ను పొగుడుతుంటే తెలిసింది. అందరూ చప్పట్లు కొట్టారు సార్, నాకొక్కదానికే తెలిసింది. పరాయి చెవికి అందదన్నారుగా, మరి అందింది."

ఆయన నా అధ్యాయం ముందుకు లాక్కుని, నవ్వకుండా, ఒక్క పొగడ్త మాటైనా లేకుండా, "రెండో భాగం ఏం బాలేదు. తిరగరాసి తీసుకురా" అన్నారు.