సిగ్నల్ బండ మీద లాలి

దుమ్ముగూడెం మండలంలో అడవి లోపలి గూడేలకు టీకాలు వేసే నర్సు లాలి. తన కోసం భయపడటం ఆమె ఎన్నడూ ఎరగదు. వాగు పొంగితే చీర ఎగదోపి, వ్యాక్సిన్ డబ్బా నెత్తిన పెట్టుకుని దాటేది. గుమ్మంలో పాము అడ్డం పడుకుంటే కట్టెతో నెట్టేసి లోపలికి పోయి కాన్పు చేసేది. ఇంట్లోవాళ్ల సంగతికొస్తే మాత్రం ఆమెది పిట్టగుండె. భర్త భాస్కర్ పాల్వంచ పోయి రావడం ఆలస్యమైతే ముద్ద గొంతు దిగదు. కూతురు భార్గవి ఫోనెత్తకపోతే హాస్టల్లో ఉన్న పిల్లలందరికీ వరసపెట్టి ఫోన్లు చేస్తుంది.

అలాంటి మనిషిని ఇంట్లో వదిలి ఆ తండ్రీకూతుళ్లు పాత కార్ల ర్యాలీకని లద్దాఖ్ బయల్దేరారు.

వాళ్లది జీపు. భాస్కర్ తండ్రి హాతీరాం పడుచు వయసులో తునికాకు కాంట్రాక్టరు దగ్గర తోలిన బండి. కాంట్రాక్టరు పోయాక షెడ్డులో తుప్పుపట్టి, సీట్లలో ఎలుకలు పిల్లలు పెడుతుంటే, మెకానిక్కైన భాస్కర్ ఇంటికి లాక్కొచ్చాడు. ఏళ్లకేళ్లు ఆదివారాలన్నీ దానికే ధారపోసి లేపి నిలబెట్టాడు. భార్గవి తీసిన వీడియో ఎక్కడో తిరిగి తిరిగి హైదరాబాదులో ర్యాలీ నడిపేవాళ్ల కంటబడింది. రమ్మని పిలుపొచ్చింది.

"ఆ కొండలకాడ బ్రేకులు పడకపోతే ఎట్ల?" అంది లాలి.

"నేను కట్టిన బ్రేకులే, ఎందుకు పడవు?" భాస్కర్ నవ్వాడు.

"నా పిల్లను లోయ అంచుకు తీస్కపోతా నవ్వుతున్నవా నువ్వు?"

పోయేముందు భార్గవి తల్లి ఫోనులో మ్యాపు పెట్టిపోయింది. జీపు ఎక్కడుంటే అక్కడ నీలి చుక్క కనబడుతుంది. తల్లి ధైర్యం కోసం చేసిన పని అది. ఆ చుక్కే లాలి ప్రాణం తోడేసింది. కూర కలుపుతూ చూసేది, మాడిన వాసనొచ్చినా చూస్తూనే ఉండేది. నాగపూర్ దాటాక చుక్క ఆగితే వెంటనే ఫోన్ చేసింది.

"ఎందుకాగిన్రే?"

"టీ తాగుతున్నం అమ్మా. గింతదానికి గట్ల అరుస్తవేంది?"

మైదానం అయిపోయింది. మ్యాపులో దారి పేగుల్లా చుట్టలు చుట్టుకుని కొండలెక్కడం మొదలుపెట్టింది. లాలికి కళ్లు మూసినా ఆ మలుపులే.

బుధవారం టీకాల రోజు. ఆశా కార్యకర్త సమ్మక్కతో కలిసి లోపలి గూడేనికి బయల్దేరింది. రోడ్డు వదిలి బండ్ల బాటలోకి తిరగబోతుంటే ఫోను మోగింది. భార్గవి మెసేజ్: "నాన్నకు రాత్రి నుంచి తలనొప్పి. తిన్నది కక్కిండు. ఇప్పుడు మాట తేడాగా వస్తున్నది. బండి నేనే తోలుతున్న. పైకే పోతున్నం."

నర్సు కదా, లాలికి సంగతి వెంటనే అర్థమైంది. అంత ఎత్తున గాలి పలచబడి మెదడు వాస్తే మనిషి ఎంత తొందరగా చేయిదాటిపోతాడో శిక్షణలో విన్నది. "పైకి పోవద్దు. కిందికి దిగండి. జల్దీ" అని కొట్టింది. మెసేజ్ పోలేదు. సిగ్నల్ అప్పటికే పోయింది. వెనక్కి తిరుగుదామనుకుంది. గూడెంలో తల్లులు పనులు మానుకుని, చంటిపిల్లల్నెత్తుకుని పొద్దుటి నుంచీ కూర్చుని ఉంటారు. డబ్బాలో మంచు కరుగుతోంది.

గూడెం చేరింది. మొదటి బిడ్డ తొడ పట్టుకునేసరికి ఏ టీకా వేయాలో ఆమెకు గుర్తురాలేదు.

"ఏందమ్మా సిస్టరమ్మా, పాణం బాలేదా?" సమ్మక్క మెల్లగా అడిగింది.

లాలి సూది పక్కన పెట్టేసింది. బిడ్డ కార్డు, సీసా మీది పేరు పైకి చదివి సరిచూసుకుంది. తల్లులు కోయమాటల్లో ఏదో గుసగుసలాడుకున్నారు. తర్వాత ఒక్కొక్కరికీ వేసింది. పిల్లలు కేరుమన్నప్పుడల్లా ఆమెకు భాస్కర్ మూలుగే వినబడింది. ఆఖరి బిడ్డకు వేయగానే డబ్బా సమ్మక్కకిచ్చి పరుగు తీసింది.

గూడెం వెనక గుట్టమీదొక బండ ఉంది. అక్కడొక్కచోటే ఫోన్ పలుకుతుంది, అందరూ సిగ్నల్ బండ అంటారు. ముళ్లు గీరుకుపోతున్నా ఎగబాకింది. పొద్దున ఆగిపోయిన మెసేజ్ అప్పుడు వెళ్లింది. మ్యాపు తెరిస్తే చుక్క పొద్దున ఉన్నచోటే ఉంది, కదల్లేదు. భార్గవి ఫోన్ స్విచాఫ్. భాస్కర్‌దీ అంతే. భార్గవి తనను చేర్చిపోయిన ర్యాలీ గ్రూపులో ఎవరో హిందీలో రాశారు: ఆ జీపు రోడ్డుపక్క ఖాళీగా ఉంది, మనుషులు లేరు.

లాలి బండమీద చతికిలబడింది. ఏడుపు రాలేదు. మనుషులు లేకుండా జీపెందుకుంటుంది? లోయ ఎటువైపుంది? అది ఫోనులో ఎవరూ చెప్పరు.

సమ్మక్క వచ్చి పక్కన కూర్చుంది. "వాన దిగేటట్టుంది. పోదామమ్మా."

"నేను రాను. దిగితే ఇది పలకదు."

వాన పడింది. కొంగు ఫోనుమీద కప్పి, దానిమీదికి వంగి కూర్చుంది. సమ్మక్క కూడా కదల్లేదు.

తెలియని నంబరు మోగింది.

"యాడీ!"

ఎప్పుడూ అమ్మా అని పిలిచే పిల్ల, తండా మాటలో పిలిచింది. లాలి ఫోను చెవికి అదుముకుంది.

"నాన్న?"

"ఉన్నడు యాడీ. ఆక్సిజన్ మాస్కు పెట్టిన్రు. మిలిటరీ దవాఖానాలో ఉన్నం, మా ఫోన్లు చలికి ఆగిపోయినయ్. దారిల నన్ను గుర్తుపట్టలే, వేరే పేరు పెట్టి పిలిచిండు. నాకు భయమేసి జీపు అక్కడే వదిలేసిన. కిందికి పోయే లారీ ఆపి ఎక్కించిన."

"నా మెసేజ్ అందిందా?"

"ఏం మెసేజ్?"

లాలికి అప్పుడొచ్చింది ఏడుపు. సమ్మక్క ఆమె వీపు నిమురుతూ, అటు ఎవరున్నారో తెలియకపోయినా ఫోనులోకి వంగి "బాగున్నరా బిడ్డా?" అని కేకేసింది.

భాస్కర్ బుగ్గలు పీక్కుపోయి ఇల్లు చేరాడు. జీపు ఆ తర్వాత లారీమీద వచ్చింది. లాలి అతనికి వండిపెట్టింది, మందులిచ్చింది. చివరికి ఒకనాడు కంచం ముందు పెట్టి అడిగింది.

"రాత్రి నుంచే తలనొప్పి ఉంటే అప్పుడే ఎందుకు చెప్పలే నాకు?"

"నువ్వు భయపడ్తవని."

"నా భయం నేను పడ్త. నీకేమన్నా బరువా అది? ఇంకెన్నడూ దాచకు."

భాస్కర్ తల వంచుకున్నాడు. "ఇంక దాచ," అన్నాడు.

మళ్లీ ర్యాలీ పిలుపొచ్చినప్పుడు భార్గవి పోతానంది. లాలి వద్దనలేదు. ఆ రోజుల్లో తనకు ఫోను పలకని లోపలి గూడేల డ్యూటీ వేయొద్దని అడుగుదామనుకుని ఆస్పత్రిలో డాక్టరు గది దాకా పోయింది. పనులు మానుకుని తనకోసం కూర్చునే తల్లులు గుర్తొచ్చి, అడగకుండానే వచ్చేసింది.